లెక్క 88 రోజులు!

ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌ల్యాండ్ రాష్ట్రంలో బండబర్గ్ అని ఓ ఊరు. చుట్టూ చెరకు, చిలగడదుంప, టొమాటో పొలాలు. తెల్లారకముందే అక్కడి హాస్టళ్ల నుంచి వ్యాన్లు పొలాలకు బయల్దేరతాయి. ఎక్కేది ఆ ఊరి కూలీలనుకునేరు... జర్మనీ, ఫ్రాన్స్, తైవాన్‌ల నుంచి వచ్చిన కుర్రకారు!

'వర్కింగ్ హాలిడే' వీసా ఉంటే ఏడాదిపాటు పనిచేసుకుంటూ దేశమంతా తిరగొచ్చు. రెండో ఏడాదీ ఉండాలంటే మాత్రం పెద్ద నగరాలకు దూరంగా మూడు నెలలు, లెక్కకి 88 రోజులు, ఇలాంటి పనులు చేసి తీరాలి. వానొస్తే కోత లేదు. కోత లేకపోతే ఆ రోజు లెక్కలో కలవదు. హాస్టల్ అద్దె మాత్రం ఆగదు. నింపిన బకెట్లను బట్టే కూలి ఇచ్చేవాళ్లు. గంటకింత అని కనీస వేతనం ఇచ్చి తీరాలన్న నిబంధన 2022 ఏప్రిల్‌లో గానీ రాలేదు.

దగ్గర్లోని చిల్డర్స్‌లో 2000 జూన్‌లో ఓ హాస్టల్‌కి ఒకడు నిప్పుపెడితే 15 మంది చనిపోయారు. అంతా బ్యాక్‌ప్యాకర్లుగా వచ్చిన యువతీయువకులే. తిరిగి కట్టిన ఆ భవనంలో వాళ్ల చిత్రం ఉంది, పొలంలో కాసేపు సేదతీరుతున్నట్టుగా.

మనవాళ్లకి ఈ దారి తెరుచుకుంది 2024లో. 18-30 ఏళ్ల వాళ్లకి, ఏటా వెయ్యి మందికి, అదీ లాటరీలో పేరొస్తేనే! పాన్‌కార్డూ, కాలేజీ చదువూ, ఇంగ్లిష్ వచ్చనే రుజువూ కావాలి. బ్రిటన్ కుర్రాళ్లకి పొలం పని షరతును అదే ఏడాది జులైలో ఎత్తేశారు. మనవాళ్లకి ఎత్తేయలేదు.