మావాడు ఏమీ చెయ్యడండీ!

కుక్కల్ని పెంచుకునేవాళ్ళందరికీ కంఠతా వచ్చిన వాక్యం ఒకటుంది. "మావాడు ఏమీ చెయ్యడండీ." ఈ వాక్యం మన చెవిన పడే సమయానికి సదరు "మావాడు" మన మీదికి ఎగిరి, పొద్దున్నే వేసుకున్న ఉతికిన టీషర్టు మీద రెండు బురద పాదాలు అచ్చు వేసి, మూతి మన మొహం దాకా తెచ్చేసి ఉంటాడు. యజమాని మాత్రం ఇరవై అడుగుల దూరంలో, ఫోను చెవి దగ్గర్నుంచి తియ్యకుండా, చిరునవ్వుతో ఆ మాట చెప్తుంటాడు. ఏమీ చెయ్యకపోతేనే ఇలా ఉంటే ఏదైనా చేస్తే ఎలా ఉంటుందో మరి!

మన సాఫ్టువేరు వాళ్ళకి ఇది కొత్త వాక్యమేం కాదు. టెస్టర్ పాపం స్క్రీన్‌షాట్ పెట్టి, లాగ్ పెట్టి బగ్గు ఫైల్ చేస్తే డెవలపర్ ఇచ్చే మొదటి జవాబు గుర్తుందా? "నా మెషీన్‌లో బాగానే పనిచేస్తోందే!" అచ్చంగా అదే ఇది. మీ డ్రాయింగ్ రూములో, మీ సోఫా మీద, మీ పిల్లల మధ్య మీ కుక్క బంగారమే, ఒప్పుకుంటాను. కానీ రోడ్డు మీ మెషీన్ కాదు, అది ప్రొడక్షన్. అక్కడ చేతికర్ర పట్టుకున్న ముసలాయన ఉంటాడు, బంతి వెంట పరిగెత్తే నాలుగేళ్ళ పిల్ల ఉంటుంది, వెనకనుంచి సైకిలు వస్తుంది, ఎదురుగా ఇంకో కుక్క వస్తుంది. ఇవన్నీ ఒకేసారి వస్తే మీవాడు ఏం చేస్తాడో మీరెప్పుడైనా టెస్ట్ చేశారా?

ముందే ఒక మాట. నేను కుక్కల ద్వేషిని కాదు. వీధి కుక్కల గొడవ కూడా నేనిక్కడ ఎత్తడం లేదు. 2025 ఆగస్టు 11న ఢిల్లీ ప్రాంతంలోని వీధి కుక్కల్ని షెల్టర్లకి తరలించమని సుప్రీంకోర్టు చెప్పడం, ఆగస్టు 22న దాన్ని మార్చి, ఆపరేషన్లూ టీకాలూ అయ్యాక చాలావాటిని పట్టుకున్నచోటే వదలమనడం, దాని మీద దేశమంతా రెండుగా చీలి కొట్టుకోవడం మీరూ చూశారు. అది నిజంగా చిక్కు సమస్య. పెంపుడు కుక్కల విషయం అంత చిక్కు కాదు. దానికొక యజమాని ఉన్నాడు, ఆయనకి రెండు చేతులున్నాయి, బజార్లో బెల్టులు దొరుకుతున్నాయి. అయినా తెగట్లేదంటే లోపం కుక్కలో లేదన్నమాట.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, మా నాన్న నడక మానేశాడు.

అమ్మ పోయాక ఆయన్ని తెనాలి దగ్గరి మా ఊరినించి హైదరాబాదు తీసుకొచ్చాను. డెబ్భై ఒకటి నిండాయి. షుగరుంది, గుండెకి స్టెంటు వేశారు కాబట్టి రక్తం పలచబడే మందులు వాడుతున్నారు. డాక్టరు రోజూ నలభై నిమిషాలు నడవమన్నారు. మా కాంప్లెక్సు చుట్టూ ఉన్న వాకింగ్ ట్రాక్ ఆయనకి వ్యాయామం మాత్రమే కాదు. ఎనిమిదో అంతస్తులో గోడలు చూస్తూ కూర్చునే మనిషికి అక్కడే నలుగురు దోస్తులు దొరికారు. నడక అయ్యాక బెంచీ మీద కూర్చుని ధాన్యం రేటు దగ్గర్నుంచి అమెరికా ఎన్నికల దాకా తేల్చేస్తుంటారు. అలాంటిది ఒక వారం కిందికి దిగలేదు. అడిగితే "మోకాలు నొప్పిరా" అన్నారు. అసలు సంగతి బెంచీ బృందంలో ఒకాయన చెప్తే తెలిసింది. ఒక లాబ్రడార్ వెనకనుంచి వచ్చి మీదికి ఎగిరితే, ఈయన తూలి ట్రాక్ గట్టు మీద కూలబడ్డారట. దెబ్బ తగల్లేదు. కానీ ఆ మందులు వాడే వయసు మనిషి కింద పడితే, తల గోడకి కొట్టుకుంటే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు.

ఇంతకీ ఆ కుక్క యజమాని వాట్సాప్ గ్రూపులో ఏం రాశాడో తెలుసా? "అది ఆడుకుందామని వచ్చింది, పెద్దాయన అనవసరంగా భయపడ్డారు." అంటే ఎగిరిన కుక్కదీ తప్పు కాదు, వదిలిన మనిషిదీ తప్పు కాదు. తప్పల్లా పడ్డవాడిది, పడ్డందుకు.

నిజానికి మా నాన్న కుక్కలంటే భయపడే మనిషి కాదు. రాత్రిళ్ళు పొలానికి నీళ్ళు పెట్టడానికి ఒంటరిగా వెళ్ళొచ్చిన మనిషి. ఆయన మాటల్లోనే చెప్తాను. "మనూళ్ళో కుక్కయితే రాయి తీసినట్టు వంగితే చాలు, పోతుందిరా. దీనికి ఆ భాష రాదు. వంగితే ఆడుకుందామంటున్నారనుకుని ఇంకా మీదికొస్తుంది. పోనీ అదిలిద్దామంటే, మనం కుక్కని అదిలిస్తే వాళ్ళ ఓనరు మనల్ని అదిలిస్తాడు." నాకు ఇందులో కలపడానికి గానీ తీసెయ్యడానికి గానీ ఏమీ కనపళ్ళేదు.

ఇందులో ఇంకో మెలిక ఉంది. ఆ రోజు కుక్కని తిప్పుతున్నది యజమాని కాదు. వాళ్ళింట్లో పనికున్న కుర్రాడు. ముప్పై కేజీల పైబడ్డ కుక్క, యాభై కేజీలు కూడా ఉండని పిల్లాడు. ఎవరు ఎవర్ని తిప్పుతున్నారో చూస్తే తెలిసిపోతుంది. నేను పలకరిస్తే, "ఆపలేకపోయాను సార్, మా సార్‌కి చెప్పకండి, పనిలోంచి తీసేస్తారు" అన్నాడు. మన గేటెడ్ కమ్యూనిటీల్లో ఈ దృశ్యం రోజూ చూస్తాం. కుక్కని ముద్దుచేసే ఫోటోలు యజమానివి, అది లాగినప్పుడు గీరుకుపోయే చేతులు ఆ కుర్రాడివి, ఏదైనా జరిగితే తిట్లు కూడా వాడికే. పెంచుకునే సరదా మనదైనప్పుడు పట్టుకునే పని మాత్రం ఔట్‌సోర్సింగా?

ఆ మర్నాడు సాయంత్రం ఆ యజమాని ఇంటికెళ్ళాను. జరిగిన చోటే, అందరి ముందూ అడిగితే పరువు సమస్యై కూర్చుంటుందని ఇంటికే వెళ్ళాను. ఆయనా మనవాడే, పెద్ద కంపెనీలో మేనేజరు. మొదట షరామామూలే, "మావాడు ఏమీ చెయ్యడండీ." కరుస్తుందా కరవదా అన్న చర్చలోకి నేను దిగలేదు. "మా నాన్న వారం నుంచి నడవటం లేదండీ, మీ నాన్నగారైతే మీరేం చేస్తారు?" అని మాత్రం అడిగాను. కాసేపు మాట్లాడలేదాయన. ఆ తర్వాత కాఫీ వచ్చింది, మాట కూడా దారికొచ్చింది.

విషయం సంఘం మీటింగుకి వెళ్ళింది. అక్కడ మనవాళ్ళ మొదటి ప్రతిపాదన ఎప్పుడూ ఒకటే, "కుక్కల్ని బ్యాన్ చేసెయ్యండి." అది చెల్లదు. జంతు సంక్షేమ బోర్డు 2015లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం నివాసుల సంఘాలు పెంపుడు జంతువుల్ని నిషేధించకూడదు, లిఫ్టు ఎక్కొద్దనకూడదు. కుక్క ప్రేమికులు ఈ కాగితాన్ని ఇట్టే తీసి చూపిస్తారు. అదే కాగితం ఉమ్మడి స్థలాల్లో కుక్కని బెల్టుతో ఉంచమని యజమానులకి కూడా చెప్తోంది, ఆ పేరా దగ్గర మాత్రం స్క్రోలింగ్ ఆగదు.

చట్టం కూడా ఉంది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 291వ సెక్షన్ చూడండి. మన దగ్గరున్న జంతువు వల్ల మనుషుల ప్రాణానికి ప్రమాదం గానీ, తీవ్రమైన గాయం గానీ కలిగే అవకాశం ఉన్నప్పుడు, తెలిసి గానీ నిర్లక్ష్యంతో గానీ తగిన జాగ్రత్త తీసుకోకపోతే ఆర్నెల్ల దాకా జైలు, లేదా ఐదు వేల దాకా జరిమానా, లేదా రెండూ. పక్కింటివాడి మీద పోలీసు కేసు పెట్టుకోమని నేను చెప్పను. కానీ ఇది ఒకళ్ళ భయానికీ ఇంకొకళ్ళ ప్రేమకీ మధ్య తగాదా కాదని, బాధ్యత ఎవరిదో ముందే రాసిపెట్టి ఉందని తెలియడం మంచిది.

నేను కొన్నాళ్ళు కాలిఫోర్నియాలో ఉన్నాను. అక్కడి స్టేట్ పార్కుల్లో కుక్క బెల్టు ఆరడుగులు మించకూడదు. అక్కడా "హీ ఈజ్ ఫ్రెండ్లీ" అని దూరం నుంచి కేకేసే మహానుభావులు ఉన్నారు, కాదనను. కానీ అక్కడి సివిల్ కోడ్ 3342 ప్రకారం, బహిరంగ స్థలంలో కుక్క కరిస్తే నష్టపరిహారం యజమానిదే. అది అంతకుముందు ఎవర్నీ కరవలేదన్న మాట పనికిరాదు. "మావాడు ఏమీ చెయ్యడు"కి అక్కడ కోర్టులో విలువ సున్నా.

చివరికి మా దగ్గర ఒప్పుకున్నవి మూడే. పొద్దున ఆరు నుంచి ఏడున్నర దాకా, సాయంత్రం ఐదున్నర నుంచి ఏడు దాకా ట్రాక్ మనుషులకి, కుక్కలు వెనకవైపు ఖాళీ స్థలంలో. పొట్టి బెల్టే వాడాలి, బటన్ నొక్కితే సాగిపోయే రీలు బెల్టు కూడదు. కుక్కని ఆపగలిగినవాళ్ళే తిప్పాలి. పదకొండు కుక్కలకి తొమ్మిది ఇళ్ళవాళ్ళు పాటిస్తున్నారు. మిగతా రెండిళ్ళవాళ్ళతో ఇంకా నడుస్తోంది. ఆ మేనేజరుగారు ఇప్పుడు స్వయంగా తిప్పుతున్నారు. రోజుకి పది నిమిషాల బదులు ముప్పావుగంట తిరిగేసరికి ఆ కుక్క సగం నెమ్మదించిందని ఆయనే చెప్పారు. పాపం, రోజంతా బాల్కనీలో ఉంచి పది నిమిషాలు బయటికి తెస్తే ఏ ప్రాణైనా ఎగరదా మరి? నాన్న మళ్ళీ దిగుతున్నారు. చేతికర్ర కూడా తీసుకెళ్తున్నారు. నేనేం అడగలేదు.

నడిచేవాళ్ళకి రెండు ముక్కలు. కుక్క మీదికొస్తే పరిగెత్తొద్దు, అరవొద్దు. కదలకుండా, కళ్ళలోకి సూటిగా చూడకుండా, పక్కకి తిరిగి, చేతులు ఒంటికి ఆనించి నిలబడండి. పిల్లలకి ఇది ఇంట్లోనే ఆటలాగా నేర్పండి. పన్ను దిగినా, గీరుకున్నా పదిహేను నిమిషాలు సబ్బూ కుళాయి నీళ్ళతో కడిగి, ఆ రోజే డాక్టరు దగ్గరికెళ్ళండి. "మా కుక్కకి టీకాలన్నీ వేయించాం" అన్న మాటని డాక్టరుకి చెప్పండి, నిర్ణయం ఆయన్ని తీసుకోనివ్వండి. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక బతికి బట్టకట్టినవాళ్ళు దాదాపు లేరు, అందుకని మొహమాటాలకి ఇది సమయం కాదు.

కుక్కని పెంచుకునే మిత్రులకి ఒకటే విన్నపం. మీ కుక్క మంచిదని మీకు తెలుసు. ఎదురొచ్చే మనిషికి తెలియదు, తెలుసుకోవాల్సిన అవసరం కూడా లేదు. అందుకని ఈసారి ఎవరైనా ఎదురుపడితే దాని గుణగణాలు వర్ణించకుండా బెల్టు దగ్గరికి లాక్కుని, ఒక పక్కకి జరిగి, "పట్టుకున్నానండీ, మీరు వెళ్ళండి" అని చూడండి. రెండు సెకన్ల పని. అవతలి మనిషి మొహంలో తేడా మీకే తెలుస్తుంది.