ఊళ్లోకెళ్లొస్తా

పొద్దున్నే మా అమ్మ "ఊళ్లోకెళ్లొస్తా" అనేది. పత్తి తీతకో మిరపకాయల కోతకో పిలుస్తారేమో కనుక్కోటానికి. నరసరావుపేట అవతల ఒక ఊరి పల్లె మాది. ఊళ్లోనే ఉంటే మళ్లీ ఊళ్లోకెళ్లటం ఏంది?

ఊరనే మాటకి మాకు రెండర్థాలు. బస్సులో ఎవరన్నా "మీదేవూరు?" అంటే ఊరిపేరే చెబుతాం. ఓటర్ల జాబితాలోనూ అదే. పొలిమేర దాటితే మేం ఊరివాళ్లం, లోపలికొస్తే పల్లెవాళ్లం. టౌన్లో అద్దె ఇంటి కోసం పోతే ఓనరు ఊరిపేరుతో ఊరుకోడు. "ఊళ్లో ఎక్కడ?" అంటాడు. కులం అడగటానికి అదొక మర్యాద.

ఊరు చోటే కాదు, వాక్యంలో కర్త కూడా. "ఊరు ఒప్పుకోదు", "ఊరు వెలేసింది" అంటారు. ఆ ఊళ్లో మేం లేం. 1991లో చుండూరులో దళితుల్ని సాంఘిక బహిష్కారం చేశారు. పనికి పిలవటం మానేశారు. ఆగస్టు 6న ఎనిమిది మందిని చంపారు. ప్రత్యేక కోర్టు చుండూరులోనే కూర్చుని 2007లో శిక్షలేసింది. 2014లో హైకోర్టు వాటిని కొట్టేసింది.

అంతకు ముందే, 1985 జూలై 17న, కారంచేడులో ఆరుగురు మాదిగల్ని చంపారు. తాము తాగే చెరువు నీళ్లు పాడుచెయ్యొద్దని అడగటంతో మొదలైన గొడవ అది. బతికినోళ్లు చీరాల పారిపోయారు. చాలామంది అక్కడే విజయనగర్ కాలనీలో నిలబడ్డారు. వాళ్లు ఊరొదిలి వెళ్లారని అంటారు. ఆ ఊరు వాళ్లనెప్పుడు తనలో కలుపుకుంది, వాళ్లు వదలటానికి?

ఇప్పుడు నేను సర్కారు బళ్లో పంతుల్ని. 'మా ఊరు' అని వ్యాసం రాయమంటే పల్లె పిల్లలు కూడా "మా ఊరి మధ్యలో రామాలయం ఉంది" అనే మొదలెడతారు. తమ వీధి ఒక్క వాక్యంలో కూడా ఉండదు. అందుకని మీ గడపకాణ్ణించి రాయమన్నా. నీళ్లెక్కణ్ణించి తెస్తారు, మిరపకాయలు ఎవరు కోస్తారు, కూలెంత, అన్నీ రాయమన్నా. రాశారు. నోట్సులు ఇళ్లకెళ్లినయ్యి.

వారం తిరక్కముందే ఊరి పెద్దాయనొకడు బడికొచ్చాడు. "ఊరు గురించి చెప్పక పిల్లలకి ఇయ్యేం పాఠాలు మాస్టారూ?" అన్నాడు.

"ఊరు గురించే చెబుతున్నానండీ" అన్నా.