ఖరగ్‌పూర్‌లో దిగేవారికి

కార్యాలయపు పని మీద గాని, ఎల్.టి.సి. మీద గాని కోల్‌కతా వెళ్ళివచ్చిన మన సంస్థ ఉద్యోగులకు ఖరగ్‌పూర్ పేరు కొత్త కాదు. దారిలో బండి అక్కడ ఆగినప్పుడు కిటికీలోంచి ఒకసారి చూసి, "ఇంక రెండు గంటల ప్రయాణం" అనుకొని సామాను సర్దుకోవడం మొదలుపెట్టేవారే అధికులు. మేమూ చాలాకాలం అదే చేశాము. అయితే అక్కడి న్యూ సెటిల్‌మెంటులో మా చిన్నాన్నగారి కుటుంబం రైల్వే క్వార్టరులో నివసించడంవల్ల పలుమార్లు ఆ స్టేషనులో దిగవలసి వచ్చింది. ఆ రాకపోకలలో తెలుసుకొన్న సంగతులు తోటి ఉద్యోగులకూ, వారి కుటుంబాలకూ ఉపకరిస్తాయన్న తలంపుతో ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

ఖరగ్‌పూర్ నాలుగు దారుల కూడలి. ఒక దారి హౌరాకు, ఒకటి బాలాసోర్ మీదుగా మన వైపుకు, ఒకటి టాటానగర్ మీదుగా ముంబయి వైపుకు, మరొకటి మిడ్నాపూర్ మీదుగా ఆద్రాకు పోతాయి. హౌరా ఇక్కడికి సుమారు 115 కిలోమీటర్లు. ప్రయాణికులు మొదట గమనించవలసిన విషయం ఒకటున్నది. పూరీ వైపు నుండి ఢిల్లీ వైపు పోయే కొన్ని బండ్లు ఖరగ్‌పూర్‌కు రావు. లోపలికి వస్తే ఇంజనును మార్చి వెనుకకు త్రిప్పవలసి ఉంటుంది గనుక, అవి పక్కనున్న హిజ్లీ స్టేషనులో ఆగి అటునుంచి అటే పోతాయి. కాబట్టి టిక్కెట్టు మీద ఏ స్టేషను పేరున్నదో చూసుకోకుండా బయలుదేరరాదు.

రెండవ సంగతి ప్లాట్‌ఫారం పొడవు. ఇక్కడి పెద్ద ప్లాట్‌ఫారం 1072.5 మీటర్లు. చాలా సంవత్సరాలపాటు ప్రపంచంలోకెల్లా పొడవైన ప్లాట్‌ఫారం అన్న కీర్తి దీనిదే. మనలో చాలామంది చిన్ననాడు జనరల్ నాలెడ్జి పుస్తకంలో బట్టీపట్టిన జవాబు అది. 2013లో 1366 మీటర్లతో గోరఖ్‌పూర్, 2023లో 1507 మీటర్లతో కర్ణాటకలోని హుబ్బళ్ళి దీనిని మించిపోయాయి. పిల్లలకు ఆ జవాబు సరిదిద్ది చెప్పండి. ఆ కీర్తి పోయినా నడక మాత్రం తగ్గలేదు. ఈ కొస నుండి ఆ కొసకు మామూలు నడకతో దాదాపు పావుగంట పడుతుంది. ఒకే ప్లాట్‌ఫారం వెంట ఒకదాని వెనుక ఒకటిగా రెండు బండ్లు నిలబడగలవు. రెండు భాగాలకు సంఖ్యలు వేరు. ప్రకటనలో వినిపించిన సంఖ్య ఏ భాగానిదో, తమ పెట్టె ఎక్కడ ఆగుతుందో ముందే విచారించుకోకపోతే మాకు జరిగినదే జరుగుతుంది.

అది 2006వ సంవత్సరం. చిన్నాన్నగారు రైల్వే కర్మాగారంలో పదవీ విరమణ చేసి, క్వార్టరు ఖాళీ చేసి, శ్రీకాకుళం జిల్లాలోని స్వగ్రామానికి బయలుదేరారు. వారిని తీసుకురావడానికి మేము వెళ్ళాము. ఈస్ట్ కోస్ట్ ఎక్స్‌ప్రెస్‌లో ఆమదాలవలసకు టిక్కెట్లు. పిన్నిగారికి మోకాళ్ళ నొప్పులు. సామానులో పెద్ద ఇనుప ట్రంకుపెట్టె. ఎండగా ఉన్నదని నీడ చూసుకొని కూర్చున్నామే గాని, పెట్టె ఆగే చోటు అడగలేదు. తీరా బండి వచ్చేసరికి మా పెట్టె చాలా దూరాన ఉన్నది. చేతులూ కాళ్ళూ ఆడలేదు. అప్పుడొక వృద్ధ కూలీ ట్రంకు తలకెత్తుకొని, "అమ్మ చెయ్యి పట్టుకోండి బాబూ, పరిగెట్టకండి. ముందు ఏదో ఒక పెట్టె ఎక్కేయండి, లోపలినుంచి నడిచి పోవచ్చు" అన్నాడు, అచ్చమైన శ్రీకాకుళం యాసలో. ఆయన చెప్పినట్లే చేశాము. ఇంతకు మించిన సలహా మా వద్ద లేదు.

స్టేషనుకు రెండు వైపులా బయటికి దారులున్నాయి. ఒకటి బోగ్దా వైపు, మరొకటి గోల్‌బజారు, రైల్వే కాలనీల వైపు. న్యూ సెటిల్‌మెంటుకు పోయేవారు కాలనీల వైపు దిగాలి. ఎటు దిగాలో తెలియకుండా సామానుతో వంతెన ఎక్కితే రెండుసార్లు ఎక్కవలసి వస్తుంది. మన వైపు నుండి వెళ్ళే బండ్లలో కొన్ని ఇప్పుడు హౌరాకు పోవు. కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ కూడా 2022 నుండి షాలిమార్‌తోనే ఆగిపోతున్నది. హౌరాకే చేరవలసినవారు ఖరగ్‌పూర్‌లో దిగి లోకల్ బండి అందుకోవచ్చు. లోకల్ బండ్లలో సాధారణంగా మరుగుదొడ్లు ఉండవు గనుక, పిల్లలతోను, వృద్ధులతోను వెళ్ళేవారు స్టేషనులోనే ఆ అవసరం తీర్చుకోవాలి. బండ్ల వేళలు మారుతుంటాయి కాబట్టి ముందుగా 139కు ఫోను చేసి తెలుసుకోవడం మేలు. ఒక పూట వ్యవధి ఉంటే ఐ.ఐ.టి. ఆవరణలోని పాత హిజ్లీ నిర్బంధ శిబిరాన్ని చూసి రండి. 1931 సెప్టెంబరు 16న అక్కడ జరిగిన కాల్పులలో ఇద్దరు ఖైదీలు అసువులు బాశారు. 1951లో దేశపు మొదటి ఐ.ఐ.టి. ఆరంభమైనదీ ఆ భవనంలోనే.

ఇంత దూరాన కూలీ నోట తెలుగు ఎట్లా వినిపించిందని కొందరికి సందేహం కలుగవచ్చు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే, ఇరవయ్యవ శతాబ్ది ఆరంభంలో కటకం నుండి వాల్తేరు వరకు గల మార్గాన్ని కూడా తన అధీనంలోనికి తీసుకొన్నది. ఖరగ్‌పూర్‌లో పెద్ద కర్మాగారం వెలసింది. ఉత్తరాంధ్ర జిల్లాలవారు ఆ పట్టాల వెంటనే పనికి తరలివెళ్ళారు. ఆ రైల్వే కార్మికుల సమ్మెకు నాయకత్వం వహించిన శ్రీ వి.వి. గిరి తరువాత రాష్ట్రపతి అయిన సంగతి అందరూ ఎరిగినదే. 1955లో ఆగ్నేయ రైల్వే ఏర్పడిన తరువాత కూడా వాల్తేరు, ఖరగ్‌పూర్ ఒకే జోనులో ఉండేవి. 2003లో తూర్పు కోస్తా రైల్వే ఏర్పడడంతో ఆ బంధం తెగింది. అటునుండి ఇటు బదిలీ మీద వచ్చే తెలుగువారు అరుదైపోయారని చిన్నాన్నగారు చెప్పేవారు.

న్యూ సెటిల్‌మెంటులో వారి వీధిలో తెల్లవారేసరికి వాకిళ్ళలో ముగ్గులు కనిపించేవి. పిల్లలు తెలుగు చక్కగా మాట్లాడేవారు, చదవడం మాత్రం చాలామందికి రాదు. ఊరి నుండి నాయనమ్మ ఉత్తరం వ్రాస్తే, పక్కింటి పదేళ్ళ పాప దానిని పట్టుకొని చిన్నాన్నగారి వద్దకే వచ్చేది. "నేను పోయాక ఎవరు చదువుతారే?" అని ఆయన చివరి మూడు నెలలూ సాయంకాలాలు అరుగు మీద ఐదారుగురు పిల్లలను కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించారు.

బయలుదేరిన రోజున ఆ పాప తన తండ్రితో స్టేషనుకు వచ్చింది. అక్కడి పేరు పలకల మీద బెంగాలీ, హిందీ, ఇంగ్లీషు ఉన్నాయి, తెలుగు లేదు. మా ట్రంకుపెట్టె మీద మాత్రం చిన్నాన్నగారు తెల్లరంగుతో తెలుగులో చిరునామా వ్రాసుకొన్నారు. మేము బండి కోసం ఎదురుచూస్తుండగా ఆ పాప పెట్టె ముందు కూర్చొని, వేలు పెట్టి, "శ్రీ... కా... కు... ళం" అని కూడబలుక్కొని చదివింది. ముప్ఫయ్యేళ్ళకు పైగా పనిచేసిన చోటును విడిచిపోతూ అంతవరకు నిబ్బరంగా ఉన్న ఆయన, అప్పుడు మాత్రం పక్కకు తిరిగి కళ్ళజోడు తుడుచుకొన్నారు. మేము పెట్టె ఆగే చోటు అడగడం మరచిపోయింది ఆ సందడిలోనే.

2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగును ఆ రాష్ట్ర అధికార భాషలలో ఒకటిగా చేర్చడానికి ఆమోదం తెలిపినప్పుడు, ముందుగా మాకు ఆ పాపే గుర్తుకు వచ్చింది. ప్రభుత్వం చేయగలిగినది ప్రభుత్వం చేస్తుంది. అక్షరం దిద్దించడం మాత్రం ఇంటివారి పని, చుట్టాల పని.

అక్కడ బంధువులున్న మన ఉద్యోగులు ఎందరో ఉన్నారు. ఈసారి వెళ్ళేటప్పుడు ఆవకాయ జాడీతోపాటు ఒక పెద్దబాలశిక్ష కూడా సంచిలో పెట్టుకోండి. ప్లాట్‌ఫారం మీద దిగగానే ఎటు పోవాలో తెలియకపోతే తెలుగులోనే అడిగి చూడండి. జవాబు చెప్పేవారు తరచుగానే దొరుకుతారు. వారి పిల్లల నోటా ఆ జవాబు వినిపించాలన్నదే మా కోరిక.