నాయన విన్న నవలలు

పుస్తకం చదవడం ఒంటరిగా చేసే పని అని చాలామంది అనుకుంటారు. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. సంవత్సరానికి ఎన్ని పుస్తకాలు చదివానో లెక్క రాసుకోవడం, ఆ లెక్క చూసుకొని లోలోపల మురిసిపోవడం నాకు కళాశాల రోజుల నుంచి అలవాటు. 2018 ఉగాది మొదలు 2019 ఉగాది వరకు, అంటే విళంబి నామ సంవత్సరమంతా కలిపి నేను చదివిన నవలలు ఎనిమిదే. నా పాత లెక్కలతో పోలిస్తే అది చాలా తక్కువ. అయినా నవల మనిషికి ఏమి చేయగలదో నాకు తెలిసివచ్చింది ఆ సంవత్సరంలోనే. ఆ ఎనిమిదింటినీ నేను పైకి చదివాను. విన్నవాడు మా నాయన.

మాది మార్కాపురం. లక్ష్మీ చెన్నకేశవస్వామి ఆలయానికి ఎంత పేరున్నదో, పలకలకూ అంత పేరున్న ఊరు. చుట్టుపక్కల నేలలో నుంచి తవ్వి తీసిన రాతిని పొరలు పొరలుగా చీల్చి, నలుచదరంగా కోసి, నునుపు చేసి, చెక్క చట్రంలో బిగిస్తే పలక తయారవుతుంది. మా ఊరి పలకల మీద ఎన్ని ఊళ్ల పిల్లలు ఓనమాలు దిద్దుకున్నారో చెప్పలేము. నాయన యౌవనమంతా ఆ రాతిని చీల్చడంలోనే గడిచింది. ఉలి దెబ్బకు రాయి పలికే తీరును బట్టి అది నిలిచే రాయో, పగిలిపోయే రాయో ఆయన చెప్పగలిగేవాడు. అయితే తన చేతుల మీదుగా వెళ్లిన వేలాది పలకలలో ఒక్కదాని మీదనైనా ఆయన ఒక అక్షరం రాసి ఎరుగడు. ఆయనకు చదువు రాదు.

కాలక్రమాన నోటుపుస్తకాలు వచ్చి పలకలకు గిరాకీ తగ్గింది. ఏళ్ల తరబడి పీల్చిన రాతి దుమ్ము నాయనను వసారాలోని నులకమంచానికి పరిమితం చేసింది. నాకు గిద్దలూరులో ఉపాధ్యాయ ఉద్యోగం. ఉదయం రైలెక్కితే తర్లుపాడు, కంభం దాటి గిద్దలూరు చేరేదాకా పుస్తకమే తోడు. సాయంత్రం తిరుగు ప్రయాణంలోనూ అంతే. ఇంటికి వచ్చాక కూడా ఆయన మంచం పక్కనే కూర్చొని నాలో నేను చదువుకునేవాణ్ణి.

ఆ ఉగాది సాయంత్రం గుడిలో జరిగే పంచాంగ శ్రవణం మైకులో మా వసారా దాకా వినిపించింది. అది ముగిశాక నాయన అన్నాడు: “అయ్యవారు పంచాంగం పైకి చదివితే ఊరంతా ఇనె. నువ్వేందబ్బయ్యా, ఎప్పుడు చూసినా నీలో నువ్వే చదువుకుంటావు? ఆ పుస్తకంలో ఏముందో నాకూ చెప్పరాదా?”

ముప్ఫయ్యేళ్లుగా చదువుతున్నాను. ఆయన ఆ మాట అడిగేదాకా నాకు ఆ ఆలోచనే రాకపోవడం తలచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

మొదటి నవలతోనే మొదలుపెడదామని కందుకూరి వీరేశలింగం గారి ‘రాజశేఖర చరిత్రము’ గ్రంథాలయం నుంచి తెచ్చాను. 1880లో పుస్తకరూపం పొందిన నవల అది. ఆ గ్రాంథిక భాష నాయనకు అర్థమవుతుందా అని సందేహించాను. ఒక వాక్యం చదివి, దానిని వాడుక మాటల్లో చెబుతూ సాగాను. బంగారం చేసి ఇస్తానని నమ్మించిన బైరాగి రాజశేఖరుని సొమ్ముతో ఉడాయించే ఘట్టం రాగానే నాయన లేచి కూర్చున్నాడు. డబ్బు రెట్టింపు చేస్తానని మా వీధిలో పదిళ్ల వారిని ముంచిపోయిన ఒక వ్యక్తి ఆయనకు గుర్తుకు వచ్చాడు. “ఆ బైరాగే చొక్కా మార్చుకొని మన వీధికి వచ్చాడన్నమాట!” అన్నాడు. సాంఘిక నవలకు ఇంతకంటె మంచి వ్యాఖ్యానం నేను ఏ విమర్శ గ్రంథంలోనూ చదవలేదు.

రెండవది అపరాధ పరిశోధక నవల. వైద్యం కోసం నాయనను గుంటూరు తీసుకువెళ్లే రోజున, దారిలో కాలక్షేపానికని కొమ్మూరి సాంబశివరావు గారి నవల ఒకటి సంచిలో పెట్టుకున్నాను. డిటెక్టివ్ యుగంధర్, ఆయన సహాయకుడు రాజు ఒకప్పుడు తెలుగు పాఠకులందరికీ బంధువుల వంటివారు. దొనకొండ దాటేసరికి ఎదురు బల్లమీది వారు కూడా చెవులు రిక్కించారు. వినుకొండలో దిగవలసిన పెద్దాయన హంతకుడెవరో తెలియకుండానే దిగవలసివచ్చి, ప్లాట్‌ఫారం మీద నిలబడి కిటికీలోంచి చూస్తూ ఉండిపోయాడు. రైలు కదులుతుండగా నాయన, తాను ఊహించుకున్న హంతకుని పేరు ఆయనకు అరచి చెప్పాడు. నరసరావుపేట చేరేసరికి ఆ ఊహ తప్పని తేలింది. గుంటూరు దాకా నాయన, “పాపం, ఆ పెద్దాయనకు తప్పు చెప్పి పంపితినే!” అని నొచ్చుకుంటూనే ఉన్నాడు. ఆసుపత్రి భయం ఆ పూట మా దరికి రాలేదు. అపరాధ పరిశోధక నవలలను చిన్నచూపు చూడటం నేను అప్పటినుంచి మానుకున్నాను.

తరువాత మొక్కపాటి నరసింహశాస్త్రి గారి ‘బారిష్టరు పార్వతీశం’. మొగల్తూరు నుంచి సీమకు బయలుదేరిన పార్వతీశం తెలియక ఆడవారి టోపీ కొనుక్కున్న సంగతి విని నాయన దగ్గు వచ్చేదాకా నవ్వాడు. ఆ నవ్వు నన్ను ఒక పాత తప్పు వద్దకు తీసుకువెళ్లింది. పార్వతీశం తన అమాయకత్వాన్ని తానే చెప్పుకొని నవ్విస్తాడు. నేను మాత్రం నాది దాచుకున్నాను. ఇంటర్మీడియట్‌లో చేరేటప్పుడు దరఖాస్తులో ‘తండ్రి వృత్తి’ అన్నచోట నేను ‘పలకల వ్యాపారం’ అని రాశాను. పక్కనే నిలబడి ఉన్న నాయన, నేను చూపిన చోట వేలిముద్ర వేశాడు. నేనేమి రాశానో ఆయనకు తెలియదు.

ఆ రాత్రి పుస్తకం మూసి, ఆ సంగతి చెప్పాను.

నాయన మళ్లీ నవ్వాడు. “అయితే నన్ను షావుకారును చేశావన్నమాట! ముందే చెప్పి ఉంటే ఆ రోజు కాస్త దర్జాగా నడిచేవాణ్ణి గదా!” అన్నాడు. కాసేపాగి, “కూలి అని రాసినా సీటు ఇచ్చేవాళ్లే గదా అబ్బయ్యా?” అని అడిగాడు.

“ఇచ్చేవాళ్లే నాయనా” అన్నాను. అంతకుమించి మా ఇద్దరికీ మాట రాలేదు.

వానకాలం వచ్చినా వానలు సరిగా రాలేదు. నీళ్ల ట్యాంకరు కోసం బిందెలు వరుస పెట్టి, ఆ అరుగు మీదనే ఉన్నవ లక్ష్మీనారాయణ గారి ‘మాలపల్లి’ చదువుకున్నాం. ఆయన దానిని చెరసాలలో ఉండి రచించారు. 1922లో ప్రచురితమైన ఆ నవలను ఆనాటి ప్రభుత్వం నిషేధించింది. కూలి గింజల కొలతల దగ్గర నాయన నన్ను ఆపి, మళ్లీ చదివించుకునేవాడు. సంగదాసు మరణం తరువాత రెండు రోజులు పుస్తకం తెరవనీయలేదు. మూడవ రోజున, “ఈ పుస్తకాన్ని దొరలు ఎందుకు ఆపించారు?” అని అడిగాడు. చదివినవారు తిరగబడతారని భయపడ్డారని చెప్పాను. “చదువురానోళ్లం ఇంతమందిమి ఉండంగా, పుస్తకానికి భయమేంది?” అన్నాడు. “ఎవరో ఒకరు చదివి వినిపిస్తారని భయపడి ఉంటారు” అన్నాను. నాయన తృప్తిగా తల ఊపాడు.

ఆయనకు అన్నీ నచ్చాయని చెబితే అబద్ధమవుతుంది. నాకు ఎంతో ఇష్టమైన త్రిపురనేని గోపీచంద్ గారి ‘అసమర్థుని జీవయాత్ర’ ఆయనకు విసుగు పుట్టించింది. తనలో తాను తర్కించుకొని నలిగిపోయే సీతారామారావును చూసి, “ఏదన్నా పని చేసుకుంటే సగం రోగం పోవును” అని తేల్చేశాడు. అది మనోవైజ్ఞానిక నవల అని, మనసుకు పట్టే చీడను చూపుతుందని వాదించాను. ఆయన ఒప్పుకోలేదు. వారం తరువాత ఒక అర్ధరాత్రి నిద్రపట్టక, “ఆ సీతారామారావుకు చెప్పుకోను ఒక్క మనిషన్నా లేకపోయెనా?” అన్నాడు. నచ్చని నవల కూడా మనిషిలో పని చేస్తుందని నాకు అప్పుడు అర్థమైంది.

డాక్టర్ పి. శ్రీదేవి గారి ‘కాలాతీత వ్యక్తులు’ మొదలుపెట్టేసరికి శ్రోతలు ఇద్దరయ్యారు. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోవడం బట్టి అమ్మ కూడా వింటున్నదని తెలిసింది. 1961లో చిన్న వయసులోనే కన్నుమూసిన ఆ రచయిత్రి సృష్టించిన ఇందిర, తండ్రి బాధ్యత తీసుకోని ఇంటిని తన సంపాదనతో నెట్టుకువస్తుంది. తన బతుకు గురించి తానే నిర్ణయించుకుంటుంది. ఇందిర తెగువను నాయన ఒకచోట తప్పుపట్టబోయాడు. అమ్మ గడప దగ్గరికి వచ్చి, “ఇల్లు నడిపిన పిల్లను ఎవరూ తప్పుపట్టొద్దు” అని చెప్పి లోపలికి వెళ్లిపోయింది. నాయన పని మానుకున్న తరువాత ఎన్నో ఏళ్లు పలకలకు చట్రాలు బిగించి ఇల్లు నడిపింది అమ్మే. ఆ రాత్రి నాయన మరి ఇందిరను ఏమీ అనలేదు.

చలికాలంలో డాక్టర్ కేశవరెడ్డి గారి ‘అతడు అడవిని జయించాడు’ చదివాను. తప్పిపోయిన, ఈనబోయే పందిని వెదుకుతూ ఒంటరిగా అడవిలోకి వెళ్లిన ముసలివాని కథ అది. చిన్ననాడు వెదురు కోసం దిగువమెట్ట దాటి నల్లమలలోకి వెళ్లివచ్చిన నాయనకు అడవి కొత్త కాదు. చీకటిలో ఏ చప్పుడు దేనిదో నాకంటె ముందు ఆయనే చెప్పేవాడు. కథ ముగింపు నేను ఇక్కడ చెప్పను. అది ఎవరికి వారు చదివి తెలుసుకోవలసినది. పుస్తకం పూర్తయ్యాక నాయన తన అరచేతులు చూసుకుంటూ, “రాయిని నేను గెలిచానో, నన్ను రాయి గెలిచిందో!” అన్నాడు.

చివరిది బండి నారాయణస్వామి గారి ‘శప్తభూమి’. హండె రాజుల నాటి అనంతపురం సీమను చిత్రించిన చారిత్రక నవల అది. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడేదాకా మా మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలు కర్నూలు జిల్లాలోనివే. కనుక ఆ కరవులు, ఆ చెరువులు మాకు పరాయివి కావు. నాయనకు వెంటనే కంభం చెరువు గుర్తుకు వచ్చింది. గుండ్లకమ్మ నీటికి అడ్డంగా, విజయనగర రాజుల కాలంలో కట్టిన చెరువు అది. “రాజుల పేర్లు సరే. ఆ కట్టకు మట్టి మోసినోళ్ల పేర్లు యాడన్నా రాసినారా?” అని అడిగాడు. ఆ వెంటనే మరొక ప్రశ్న: “మన పలకల పనోళ్ల మీద ఎవరన్నా నవల రాసినారా?”

నేను చదివినవాటిలో లేదని చెప్పాను.

“అయితే చదివింది చాలు. ఇక నేను చెబుతా, నువ్వు రాసుకో” అన్నాడు నాయన.

మరుసటి ఉగాది నాడు కొత్త నోటుపుస్తకం తెరిచాను. మొదటిసారి తాను గనిలో దిగిన రోజు, తోడు వచ్చిన స్నేహితుల పేర్లు, వారిలో ఎవరెవరు దగ్గుతో పోయారో, వారం కూలి ఎలా పంచుకునేవారో, పగలని రాయిని ఎలా గుర్తించాలో వరుసగా చెప్పసాగాడు. మధ్య మధ్య ఆపి, “ఏదీ, రాసింది చదువు” అనేవాడు. విని, “ఇది పలకడంలేదు. మళ్లీ రాయి” అనేవాడు. నేను అందంగా రాశాననుకున్న వాక్యాలే ఆయనకు పలకనివి. వాటిని కొట్టివేసి, ఆయన చెప్పిన మాటనే తిరిగి రాసేవాణ్ణి.

ఆ నోటుపుస్తకం సగమే నిండింది. ఆయన చెప్పవలసినది ఇంకా ఎంతో ఉండగానే ఆ గొంతు ఆగిపోయింది.

అప్పుడప్పుడు దానిని తీసి చూసుకుంటాను. మొదటి పుట మీద నాయన పేరు, ఆ కింద ‘వృత్తి: పలకల కూలి’ అని ఉంటుంది. ఆ రెండు మాటలూ ఆయన చూస్తుండగా రాశాను. రాసి, పైకి చదివి వినిపించాను. ఎనిమిది నవలలు చదివాక నేను సరిదిద్దుకోగలిగిన దరఖాస్తు అది ఒక్కటే. మిగిలిన సగం పుటలు ఇంకా ఖాళీగానే ఉన్నాయి. ఇప్పుడు సాయంత్రాలు అమ్మ చెబుతుంటే వాటిని నింపుతున్నాను.