గ్యాస్ ఎక్కడికి పోతుంది?

కాశీబుగ్గ,
మే నెలాఖరు.

బావా,

మీ గుంటడు పది గట్టెక్కాడని చెల్లి ఫోన్ చేసి చెప్పింది. లెక్కల్లో, సైన్సులో మార్కులు బాగున్నాయి. ఇంటర్లో చేర్పించాలా, ఐటీఐలో ఫ్రిజ్, ఏసీ పని నేర్పించాలా అని నువ్వు దోహా నుంచి పెట్టిన వాయిస్ మెసేజ్ విన్నాను. చివర్లో "చదువు రానోడికి కదా ఆ పని" అన్నావు చూడు, ఆ మాట నాకు నచ్చలేదు. ఇన్నేళ్లుగా ఆ పని మీదే ఇల్లు కట్టావు, అప్పులు తీర్చావు. నీ పనిని నువ్వే చిన్నచూపు చూస్తే ఎలాగ?

నువ్వెలా నేర్చుకున్నావో నాకు తెలుసు. హైదరాబాదులో ఉస్తాద్ వెనకాల పానాలు మోసుకుంటూ తిరిగావు. ఇది విప్పు, అది బిగించు అనేవాడే గానీ ఎందుకో చెప్పేవాడు కాదు. మా బళ్లో దానికి తలకిందులు. తొమ్మిదో తరగతిలో గుప్తోష్ణం పాఠం ఉంది. పిల్లలు నిర్వచనం గడగడా అప్పజెబుతారు. ఇంటికెళ్లే దారిలో ఐసు లోడు ఆటో ఎదురొస్తుంది. పాఠంలో ఉన్నదే ఆ ఆటోలో కరిగి కారుతోందని ఎవరికీ తట్టదు.

అందుకని ఈ ఏడు వాళ్లని తీరంలో ఒక ఐసు ఫ్యాక్టరీకి తీసుకెళ్లాను. పెద్ద తొట్టి నిండా ఉప్పునీళ్లు, అందులో ముంచిన రేకు డబ్బాలు, డబ్బాల్లో మంచినీళ్లు. ఉప్పు ఉన్నందువల్ల తొట్టి నీళ్లు సున్నాకి బాగా కిందకి దిగినా గడ్డకట్టవు, డబ్బాలో నీళ్లు మాత్రం గడ్డకడతాయి. తొట్టిలోని గొట్టాల్లో అమ్మోనియా మరుగుతూ ఉంటుంది. మరగడమంటే పొయ్యి మీదే అనుకునే పిల్లలకి, మైనస్ 33 డిగ్రీల దగ్గరే మరిగే సరుకు ఒకటుందంటే నమ్మకం కుదర్లేదు. షెడ్డు వెనక కండెన్సర్ గొట్టాల మీద నీళ్లు కారుతున్నాయి. ఒక గుంట చెయ్యి పెట్టి చూసి, "వెచ్చగున్నాయి మాస్టారూ, ఈ వేడి ఎక్కడిది?" అంది. డబ్బాల్లో నీళ్లదే కదా, అమ్మోనియా మోసుకొచ్చి ఇక్కడ దించుతోంది. కంప్రెసర్ పనిచేస్తే పుట్టిన వేడి దానికి అదనం. ఆ గుంట ఇంక నిర్వచనం బట్టీ పట్టక్కర్లేదు.

మర్నాడు బోర్డు మీద లెక్క వేయించాను. కిలో నీళ్లని 30 డిగ్రీల నుంచి సున్నాకి దింపాలంటే సుమారు 126 కిలోజౌళ్ల వేడి తీయాలి. సున్నా దగ్గరున్న ఆ నీళ్లనే గడ్డగా మార్చడానికి ఇంకో 334 తీయాలి. రెండున్నర రెట్లు దాటిపోయింది. ఐసు కరిగేటప్పుడు అంత వేడినీ చేపల దగ్గర్నుంచి లాక్కుంటుంది కాబట్టే బోటువాడి బేరం నిలుస్తోంది. 1833లో బోస్టన్ చెరువుల మంచుని ఓడలో పొట్టు కప్పి నాలుగు నెలలు సముద్రం మీద మోసుకొచ్చి కలకత్తాలో అమ్మారంటే, అదీ ఈ 334 చలవే.

ఇప్పుడు అసలు సంగతి. ప్రతి వేసవిలో మన వీధిలోకి ఒక మెకానిక్ వస్తాడు. ఏసీ చల్లబడటం లేదంటే చాలు, "గ్యాస్ అయిపోయింది" అని సిలిండర్ తగిలించి, ఎక్కించి, డబ్బులు పుచ్చుకుని పోతాడు. మళ్లీ ఏడాది అదే పాట. నీకు చెప్పక్కర్లేదు, ఏసీలో గ్యాస్ స్కూటర్లో పెట్రోలు లాంటిది కాదు, ఖర్చవదు. మూసిన గొట్టాల్లో తిరిగిందే తిరుగుతుంది. తగ్గిందంటే ఎక్కడో లీకుంది. మన సముద్రపు ఉప్పుగాలికి అవుట్‌డోర్ యూనిట్ రేకులు పొడిపొడిగా రాలిపోతాయి, కాయిల్‌కి చిల్లులు పడతాయి. నైట్రోజన్ పెట్టి, సబ్బు నురగ రాసి లీకు వెతకాలి, బ్రేజింగ్ చెయ్యాలి, వాక్యూమ్ కొట్టాలి, ఆ తర్వాత గ్యాస్. వాక్యూమ్ ఎందుకో తెలియనివాడు ఆ ఒక్కటీ ఎగ్గొడతాడు. లోపల మిగిలిన తేమ కంప్రెసర్ని తినేస్తుంది. చదివి నేర్చినవాడికీ చూసి నేర్చినవాడికీ తేడా అక్కడే తెలుస్తుంది. వీధిలో ఏసీలున్న ప్రతి ఇల్లూ ఆ తేడాకి డబ్బు కడుతోంది. పాత గ్యాస్ ఊరికే గాల్లోకి వదిలేయడం ఇంకో పాపం. పాత ఏసీల్లోని ఆర్-22 గ్యాస్ ఒక కిలో వదిలితే భూమిని వేడెక్కించడంలో దాదాపు 1,800 కిలోల బొగ్గుపులుసు వాయువుతో సమానం.

అమెరికాలో చాలాచోట్ల హైస్కూలు పిల్లలే సగం పూట బళ్లో, సగం పూట వృత్తి కేంద్రంలో ఈ పని నేర్చుకుంటారు. అక్కడ గ్యాస్ ముట్టుకోవాలంటే పరీక్ష రాసి సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. మన 2020 జాతీయ విద్యావిధానం ఆరో తరగతి నుంచే చేతిపనుల పరిచయం ఉండాలంది. మాట బాగుంది. మా బడికైతే ఫ్రిజ్ ట్రేడ్ ఇంకా రాలేదు. కాశీబుగ్గ పాత ఇనుప సామాన్ల కొట్లో ఒక చచ్చిన ఫ్రిజ్ కొని ల్యాబులో పెట్టాను. ఇప్పటికి అదే మా వర్క్‌షాపు.

ఈ పనికి గల్ఫే గతి అనుకోకు. మన పలాస బతికేదే వేడి మీద. జీడిపిక్కల్ని బాయిలర్ ఆవిరిలో ఉడకబెట్టి, కొట్టి, పప్పుని బోర్మా డ్రయ్యర్లో ఆరబెడితేనే పొర ఊడుతుంది. వేడి కాస్త ఎక్కువైతే పప్పు మాడి రేటు పడిపోతుంది, తక్కువైతే పొర ఊడక ఆడవాళ్ల వేళ్లు పోతాయి. ఆ వేడిని చేత్తో తడిమి సరిచూసే ముసలి మేస్త్రీలు వెళ్లిపోతున్నారు. థర్మోస్టాట్, కంట్రోల్ ప్యానెల్ తెలిసినవాళ్లు కావాలి. ఇంకోపక్క 2023 డిసెంబరులో పలాసలో తెరిచిన కిడ్నీ ఆసుపత్రి ఉంది. డయాలసిస్ మెషిన్ రక్తాన్ని శుభ్రంచేసే ద్రవాన్ని ఒంటి వేడికి తెచ్చి పంపాలి, హాల్లో ఏసీ ఆగకూడదు. పీహెచ్‌సీలో టీకాల ఫ్రిజ్ 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉండాలి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను మన నెత్తిన పడ్డాక రోజుల తరబడి కరెంటు లేదు కదా. కొబ్బరి, జీడి పోయాయని అందరం ఏడ్చాం. చల్లగా ఉండాల్సినవి ఎన్ని వెచ్చబడి పాడయ్యాయో ఎవరూ లెక్కపెట్టలేదు. ఆ వారం ఊళ్లో ఒక మంచి మెకానిక్ ఉంటే బంగారం.

కాబట్టి నా మాట ఇదీ: చేర్పించు. పది పాసైతే చాలు, రిఫ్రిజిరేషన్, ఎయిర్ కండిషనింగ్ ట్రేడ్ రెండేళ్లు. అయ్యాక అప్రెంటిస్ చెయ్యనీ. ఉస్తాద్ వెనక్కి మాత్రం ఇప్పుడే పంపకు. కొత్త ఫ్రిజుల్లో ఆర్-600ఎ వస్తోంది, అది మండే గ్యాస్. గొట్టంలో గ్యాస్ ఉండగానే టార్చ్ పెట్టిన కుర్రాడి మొహం కాలుతుంది. కొత్త ఏసీల ఆర్-32 కూడా అంటుకునేదే. వాడు ఆ జాగ్రత్తలు నేర్చుకున్నాకే సిలిండర్ పట్టాలి.

మా ఐసు ఫ్యాక్టరీ గుంట తనూ ఆ ట్రేడే చదువుతానంటోంది. వాళ్ల నాన్న ఒప్పుకోవట్లేదు, ఆడపిల్ల గోడలెక్కుతుందా అని. నువ్వొకసారి ఆయనతో మాట్లాడు. గల్ఫులో ఉన్నవాడి మాటకి ఇక్కడ విలువెక్కువ, నా మాటకి లేదు.

నీ సంగతి కూడా ఒకటి. మన ఉద్దానంలో కిడ్నీలు ఎందుకు పోతున్నాయో ఇదీ అని ఇంకా తేలలేదు. ఎండలో ఒళ్లు ఎండిపోయేలా పనిచేస్తే కిడ్నీకి మంచిది కాదని మాత్రం డాక్టర్లు చెబుతున్నారు. జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 దాకా పొద్దున్న పదింటి నుంచి మధ్యాహ్నం మూడున్నర వరకు ఎండలో పని చేయించకూడదని మీ దోహాలో చట్టం ఉంది కదా. మేస్త్రీ ఎంత తొందర చేసినా ఆ వేళ టెర్రస్ ఎక్కకు. నీళ్లు తాగు. సెలవుకి వచ్చినప్పుడు క్రియాటినిన్ చూపించుకుందాం, నేనూ చూపించుకుంటాను.

వచ్చేటప్పుడు ఖర్జూరం తేకపోయినా ఫరవాలేదు. మీ స్టోర్లో పాత గేజ్ మానిఫోల్డ్, ఫ్లేరింగ్ టూల్ పక్కన పడేసినవి ఉంటే అడిగి తీసుకురా. ల్యాబులో ఫ్రిజ్‌కి లీకు ఫ్రీజర్ మూల దగ్గర ఉందని పిల్లలు కనిపెట్టారు. బ్రేజింగ్ నువ్వే చేసి చూపించాలి.

నీ
బావ