కప్పు పట్టుకుని నడిచే ఊరు

ఇవాళ మిమ్మల్ని చెక్ దేశంలోని కార్లోవీ వారీకి తీసుకెళ్తాను. అడవి కొండల నడుమ తెప్లా అనే చిన్న ఏరు, ఆ ఏటి వెంబడే ఊరు. శతాబ్దాలుగా జనం అక్కడికి నీళ్లు తాగడానికే వస్తున్నారు.

నాలుగో చార్లెస్ చక్రవర్తి వేటకొచ్చినప్పుడు ఆయన వేటకుక్క ఉడుకునీళ్లలో పడిందనీ, అలా బుగ్గ బయటపడిందనీ అక్కడివాళ్లు చెప్పుకుంటారు. అది కథ. 1370లో ఆయన ఈ ఊరికి పట్టణ హక్కులిచ్చాడన్నది మాత్రం చరిత్ర.

బుగ్గలన్నిటికీ పెద్దది వ్రీద్లో. సుమారు 73 డిగ్రీల వేడితో, నిమిషానికి దాదాపు 2,000 లీటర్ల నీళ్లు చిమ్ముతుంది. లోపలి కార్బన్ డయాక్సైడ్ తోపుకి 12 మీటర్ల దాకా ఎగుస్తుంది. ఇంకా డజను వరకూ బుగ్గలున్నాయి. అన్నిట్లోనూ లవణాలు దాదాపు ఒకటే. పైకొచ్చే దారిలో ఎంత చల్లారిందన్నదే తేడా. చల్లారిన నీళ్లలో వాయువు ఎక్కువ నిలుస్తుంది. లీటరుకు 6 గ్రాముల పైచిలుకు లవణాలున్న నీళ్లివి. కాగితపు గులాబీని వాటిలో కొద్దిరోజులు ఉంచితే రాతిపొర పట్టి గోధుమరంగు రాతిపువ్వు అయిపోతుంది! దుకాణాల్లో వాటిని అమ్ముతారు కూడా.

తొలిరోజుల్లో ఇక్కడి వైద్యమంటే గంటల తరబడి తొట్టెలో నానడమే. చర్మం పగిలేదాకా కూర్చోబెట్టేవారు. 1522లో వాత్స్లావ్ పాయర్ అనే వైద్యుడు ఈ నీళ్లు తాగమని కూడా సలహా ఇస్తూ పుస్తకం రాశాడు. 18వ శతాబ్దంలో డేవిడ్ బెకర్ అనే వైద్యుడు వచ్చి, బుగ్గ దగ్గరే తాగండి, తాగుతూ నడవండి అన్నాడు. నాకు ఈ ఊరి మీద ఇంత మక్కువ ఆ మాట వల్లే. ఎందుకంటే ఊరు ఊరంతా ఆ నడక కోసమే కట్టినట్టుంటుంది. వానొచ్చినా నడక ఆగకుండా కొలొనేడ్లు అనే స్తంభాల మండపాలు కట్టారు. జీతెక్ అనే వాస్తుశిల్పి గీసిన మిల్ కొలొనేడ్ 1881లో పూర్తయింది. దానికి 124 స్తంభాలు. దగ్గర్లోనే తెల్లటి చెక్క నగిషీల మార్కెట్ కొలొనేడ్. పేరున్నవాళ్లూ ఇక్కడికి వచ్చారు: కవి గోథే పదేపదే వచ్చాడు, 1812లో సంగీతకారుడు బీథోవెన్ వచ్చాడు.

ఇక ఆ కప్పు సంగతి. బల్లపరుపు పింగాణీ కప్పు, దాని పిడే గొట్టం. గుడిలో తీర్థం పుచ్చుకున్నంత నిదానంగా, ఆ గొట్టంలోంచి గుక్కగుక్కా పీల్చుతూ నడుస్తారు. నీళ్లు వెచ్చగా, ఉప్పగా ఉంటాయి. నోటి రుచి మార్చుకోవడానికి పెద్ద పెద్ద పల్చటి వేఫర్లు దొరుకుతాయి.

2021లో యునెస్కో ఐరోపాలోని 11 స్నానపట్టణాలను వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు ఇదీ చేరింది. మీరు వెళ్తే, ముందు ఒక కప్పు కొనుక్కోండి. ఎంత తాగాలో అక్కడి వైద్యుణ్ణి అడగండి. గబగబా చూసి వచ్చేయాలని మాత్రం పెట్టుకోకండి. నీళ్లు సగం మందైతే, తొందరలేని ఆ నడక మిగతా సగమని నా నమ్మకం.