సొరుగులో సాక్షులు

మా ఇంట్లో టీవీ కింద ఒక సొరుగుంది. తెరిస్తే పాత పెళ్ళికార్డులు, ఏ తాళానివో ఎవరికీ గుర్తులేని తాళంచెవులు, ఏ వస్తువుతో వచ్చాయో తెలియని చార్జర్లు. వాటికింద మూడు పాత ఫోన్లు. ఒకదానికి గాజు మూల పగిలింది. ఒకదాని స్పీకరు గరగరమంటుంది. మూడోదానికి వయసు తప్ప వేరే జబ్బు లేదు. మార్చుకుందామంటే కొట్టువాడు కట్టిన ధర విని మనసు చివుక్కుమంది. వీధిలోకి “పాత సెల్‌ఫోన్లకు ప్లాస్టిక్ డబ్బాలిస్తాం” అని మైకు పెట్టుకుని బండి వస్తుంది గానీ, అలా పోయిన ఫోన్లు సైబర్ మోసగాళ్ళ చేతుల్లో తేలుతున్నాయని పోలీసులు హెచ్చరించాక ఇవ్వబుద్ధి కాలేదు. పారేద్దామంటే చెయ్యి రాదు. ఒకప్పుడు నిద్ర లేస్తూనే దేవుడి పటం కన్నా ముందు చూసుకున్న ముఖాలు కదా!

కిందటేడు పక్క ఫ్లాటాయన కారుకి డ్యాష్‌క్యామ్ పెట్టించుకున్నాడు. నేనూ కొందామని రెండు రోజులు ఇంట్లో ఆ మాటే మాట్లాడాను. మూడోరోజు మా ఆవిడ సొరుగు లాగి చూపించింది. “మూడు కెమెరాలు ఇక్కడ పడుకోబెట్టి నాలుగోది కొంటారా?”

నిజమే. ఆ మూడూ కొన్న రోజున కొట్లో నేను మొదట అడిగింది కెమెరా గురించే.

పని అనుకున్నంత కష్టం కాలేదు. పాత ఫోన్లో ఉన్నవన్నీ తుడిచేసి, వైఫై కెమెరా యాప్ ఒకటి వేశాను. సిమ్ అక్కర్లేదు. నా చేతిలో ఫోన్ హాట్‌స్పాట్ ఆన్ చేస్తే పాతవి దానికి తగులుకుంటాయి. యాప్ తెరమీద 192.168తో మొదలయ్యే ఒక చిరునామా చూపిస్తుంది. దాన్ని ఇంకో ఫోన్లో బ్రౌజర్లో కొడితే ఆ కెమెరా చూస్తున్నదంతా ఇక్కడ కనిపిస్తుంది. “మరి డేటా అంతా అయిపోదూ?” అంది మా ఆవిడ. అవదు. వంటింట్లోంచి హాల్లోకి కేకేస్తే టెలిఫోన్ బిల్లు రాదుగా! ఫోన్లు తమలో తాము మాట్లాడుకుంటున్నాయి, మాట కారు దాటి బయటికి పోదు.

ఒకటి ముందద్దానికి, ఒకటి వెనకద్దానికి పెట్టాం. మూడోది వెనక సీటు వైపు తిప్పి పెడతానంటే మా ఆవిడ ఒప్పుకోలేదు. “కారులో పోట్లాడుకునే స్వేచ్ఛ కూడా ఉంచరా?” అంది. ఆ వాదన ముందు నా దగ్గర జవాబు లేదు.

మొదటి రోజు తీసిన వీడియో ఇంట్లో అందరం కూర్చుని చూశాం, పెళ్ళి క్యాసెట్ చూసినట్టు. ఫోన్ డ్యాష్‌బోర్డుకి దగ్గరగా ఉండడంతో లోపలి చప్పుళ్ళన్నీ పడ్డాయి. మా అమ్మాయి ఒకటే నవ్వు. “నాన్నా, పాట కన్నా ఇండికేటర్ టిక్కుటిక్కే గట్టిగా వినిపిస్తోంది!” ఆ సౌండు ఆపేద్దామనుకుని మర్చిపోయాను.

తర్వాత ఒక్కో పాఠమూ ఒక్కో రోజు నేర్చుకున్నాను. ఫుల్ హెచ్‌డీలో నిమిషానికి సుమారు 130 ఎంబీ అవుతుంది. అంటే గంటకి దాదాపు ఎనిమిది జీబీ. 16 జీబీ పాత ఫోన్ విజయవాడలో బయల్దేరితే కోదాడ దాటగానే కడుపు నిండి కూర్చుంటుంది. అందుకని మూడేసి నిమిషాల ముక్కలుగా తీస్తూ, చోటు చాలనప్పుడు అన్నిటికన్నా పాత ముక్కని తనే చెరిపేసుకునే పద్ధతి పెట్టాను. ఇక చూపు సంగతి. డ్యాష్‌క్యామ్‌ది చేపకన్ను, రోడ్డు ఈ అంచు నుంచి ఆ అంచు దాకా చూస్తుంది. ఫోన్‌ది గుర్రపు గంతల చూపు. ఎదుటి బండి నంబరు ప్లేటు అచ్చు గుద్దినట్టు పడుతుంది గానీ పక్క సందులోంచి దూసుకొచ్చే ఆటో, మీదికి వచ్చేదాకా కనపడదు.

అన్నిటికన్నా పెద్ద పాఠం ఎండ చెప్పింది. ఐఫోన్‌ను 35 డిగ్రీల లోపు వేడిలోనే వాడమనీ, ఆపిన కారులో వదిలెయ్యొద్దనీ దాని కంపెనీయే చెబుతుంది. మన మే నెలకి 35 డిగ్రీలంటే చల్లటి సాయంత్రం. గాజు మూల పగిలిన ఫోన్‌ని ఒక మధ్యాహ్నం అద్దానికే వదిలేసి భోజనానికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి రబ్బరు స్టాండు ఊడి ఫోన్ కిందపడి ఉంది. దాని వెనక మూత పూరీలా పొంగింది. లిథియం బ్యాటరీకి వేడీ పడదు, ఎప్పుడూ నూరు శాతం చార్జింగులో కూర్చోబెట్టడమూ పడదు. నేను రెండూ కలిపి వడ్డించాను. ఉబ్బిన బ్యాటరీని నొక్కకూడదు, పొడవకూడదు, చెత్తబుట్టలో వెయ్యకూడదు. జాగ్రత్తగా పట్టుకెళ్ళి ఈ-వేస్ట్ తీసుకునే చోట అప్పగించి వచ్చాను. దాని స్థానంలోకి గరగర స్పీకరు వచ్చింది. అప్పట్నుంచి కారు ఆపితే ఫోన్లు కూడా మాతోపాటు దిగుతాయి.

వెనక ఫోన్‌తో రివర్స్ కెమెరా ముచ్చట కూడా తీర్చుకుందామనుకున్నాను. పక్క సీట్లో అమ్మాయి తెర చూస్తూ “రండి, రండి, ఇంకా చాలా చోటుంది” అంటోంది. నేను వస్తున్నాను. ఫెడేల్మని చప్పుడైంది. తెరమీద మాత్రం మందారం కుండీ ఇంకా నిక్షేపంగా నిలబడే ఉంది. క్షణం ఆగి అదీ ఒరిగింది. పిడుగుకి మెరుపు ముందు, ఉరుము తర్వాత. మా వైఫైకి ఉరుమే ముందు. బొమ్మ గాల్లో ప్రయాణం చేసి రావడానికి అరక్షణం పట్టిందనుకోండి. గంటకి అయిదు కిలోమీటర్ల నత్తనడకలో కూడా కారు ఆ అరక్షణంలో 70 సెంటీమీటర్లు వెనక్కి పోతుంది. కుండీకి అంత దూరం అక్కర్లేదు. మర్నాటి నుంచి మళ్ళీ వెనక్కి చూసే అద్దమే దిక్కయింది.

ఆ అద్దానికీ ఒక కథ ఉంది. 1909లో డొరొతీ లెవిట్ అనే ఇంగ్లీషు ఆవిడ, కారు నడిపే ఆడవాళ్ళ కోసం ఒక పుస్తకం రాస్తూ, చేతిలో చిన్న అద్దం పెట్టుకుని అప్పుడప్పుడు పైకెత్తి వెనక ఏమొస్తోందో చూసుకోమని సలహా ఇచ్చింది. రెండేళ్ళకి, 1911లో, అమెరికాలో ఇండియానాపొలిస్ 500 మైళ్ళ పందెం జరిగింది. మిగతా కార్లలో వెనక్కి చూసి చెప్పడానికి పక్కన ఒక మెకానిక్ కూర్చున్నాడు. రే హారూన్ ఒక్కడే ఒంటరిగా దిగాడు. ఇది ప్రమాదమని తోటివాళ్ళు గోల పెడితే కారుకి అద్దం బిగించాడు. పందెమూ గెలిచాడు. ఇటుకల బాట మీద ఆ అద్దం ఒకటే వణుకుడనీ, అందులో తనకేమీ కనపడలేదనీ తర్వాత ఆయనే ఒప్పుకున్నాడంటారు. మందారం కుండీ పగిలాక నాకు ఆయన మీద ఆత్మీయత కలిగింది.

ఇక మిగిలింది ముందు కెమెరా. దాని ఉద్యోగం సాక్ష్యం చెప్పడం. రష్యాలో బీమా తగాదాల్లో రుజువు కోసం జనం కార్లలో కెమెరాలు పెట్టుకున్నారు. 2013 ఫిబ్రవరి 15న చెల్యాబిన్స్క్ ఆకాశంలో ఉల్క పేలితే, మామూలుగా పనికి పోతున్న ఆ కార్లన్నీ దాన్ని పట్టేశాయి. నాకు ఉల్కలేమీ అక్కర్లేదు. నన్ను గుద్దినవాడు “నేను కాదు” అన్నప్పుడు చూపించడానికి నాలుగు ఫ్రేములుంటే చాలు.

ఆ రోజూ వచ్చింది. బందరు రోడ్డు మీంచి ఎడమవైపు సందులోకి తిరుగుతున్నాను. ఎడమనుంచి ఒక కుర్రాడు బైకు మీద వచ్చి ముందు తలుపు గీరేసి అవతల ఆగాడు. దిగాను. నోటికొచ్చినట్టు కేకలేశాను. “అంతా రికార్డయింది, తెలుసా?” అని అద్దం వైపు చూపించాను. వాడు ఆ ఫోన్‌ని చూశాడు, గీతని చూశాడు, “సారీ అంకుల్” అన్నాడు. చేతి మీద దోక్కుపోయిన చోట ఊదుకుంటూ వెళ్ళిపోయాడు.

రాత్రి భోజనాలయ్యాక వీడియో పెట్టాను. తెరమీద అన్నీ ఉన్నాయి. రోడ్డు, సందు మొదట్లో కొబ్బరిబోండాల బండి, ఎడమ అంచులోంచి దూసుకొచ్చిన బైకు, దాని నంబరు ప్లేటు, తర్వాత నా గొంతు. ఆ గొంతు నాదని పోల్చుకోవడానికి కాస్త టైము పట్టింది. “చూశారా ఎలా వచ్చాడో!” అన్నాను. మా ఆవిడ చూసింది. అమ్మాయి మాత్రం ఏదో వెతుకుతున్నట్టు మొహం పెట్టి, వీడియోని కాస్త వెనక్కి జరిపింది. మళ్ళీ ఇంకోసారి జరిపింది.

“నాన్నా, టిక్కుటిక్కు వినపడదేం?”

సౌండు పూర్తిగా పెంచాం. పాట వినిపించింది. ఏసీ హోరు వినిపించింది. గేరు మార్చిన చప్పుడు కూడా స్పష్టంగా వినిపించింది. ఇండికేటర్ మాత్రం ఎక్కడా పలకలేదు.

ఎవరూ ఏమీ అనలేదు. మా ఆవిడ కంచాలు తీసుకుని లోపలికి వెళ్ళింది. గీత మీద రంగు వేయించడానికి నా డబ్బే పెట్టాను. ఆ కుర్రాడి చేతికి ఏ మందు రాసుకున్నాడో, ఇంట్లో ఏం చెప్పుకున్నాడో నాకు తెలిసే దారి లేదు.

మూడేసి నిమిషాల ముక్కలన్నీ వాటి దారిన అవి చెరిగిపోతూనే ఉంటాయి. ఆ ఒక్కదాన్నీ చెరిగిపోకుండా లాక్ చేసి ఉంచాను. సౌండు ఆపే ఆలోచన మానుకున్నాను. ఇప్పుడు కారు మలుపు దగ్గరికి వస్తోందంటే, పక్క సీట్లో మా అమ్మాయి మాట్లాడకుండా ఒక చెవిలోంచి ఇయర్‌ఫోన్ తీస్తుంది.